"అపకారమును మనస్సులో ఉంచుకొనదు": ఏమి ఉంచుకోదు?

గుత్తి నుంచి:
అందరికీ వందనాలు. 1 కొరింథీయులకు 13:5లో ప్రేమ "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని ఉంది. సండే స్కూల్ పిల్లలకు దీన్ని "మర్చిపోవాలి" అని చెప్తే సరిపోతుందా? మూలంలో ఏ మాట ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

కడప నుంచి:
సరిపోదు అన్నా. గ్రీకులో అక్కడున్న క్రియ లొగీజొమై. లెక్కగట్టడం, పద్దులో చేర్చడం అని అర్థం. రోమా 4:3లో అబ్రాహాము నమ్మిక "నీతిగా ఎంచబడెను" అన్నచోట ఉన్నదీ, 2 కొరింథీయులకు 5:19లో దేవుడు "వారి అపరాధములను వారిమీద మోపక" అన్నచోట ఉన్నదీ ఈ క్రియే. తెలుగులో ఎంచు, మోపు, ఉంచుకొను అని మూడు మాటలు పడేసరికి వాటి చుట్టరికం కనబడకుండా పోయింది. దేవుడు మన పేర రాయని బాకీని మనం పక్కవాడి పేర రాసిపెట్టుకోకూడదని పౌలు అంటున్నాడు.

అట్లని అనువాదాన్ని తప్పు పట్టలేం. గ్రీకు పాత నిబంధనలో జెకర్యా 8:17 చూస్తే పొరుగువాని కీడును "మీ హృదయాలలో" లెక్కపెట్టుకోవద్దని ఇదే క్రియతో ఉంది. "మనస్సులో" అన్న మాట ఊరికే వచ్చి పడింది కాదు.

ఆదోని నుంచి:
'కొను'ను వదిలేయకండి. ఉంచడం వేరు, ఉంచుకోవడం వేరు. తనకోసం, రేపటికి పనికొస్తుందని దాచిపెట్టుకోవడం అది. మన వాడుకలో ఇంకో అందం ఉంది. "మనసులో పెట్టుకున్నాడు" అంటే కక్ష. "కడుపులో పెట్టుకున్నాడు" అంటే తప్పు కాచి దగ్గరికి తీసుకున్నాడని. పక్కోళ్ల ఎద్దు గట్టు దాటి శనక్కాయ చేను మేసిందనుకోండి. నష్టం అడగొచ్చు, తీసుకోవచ్చు, అందులో తప్పు లేదు. తీసుకున్నాక కూడా ఆ ఎద్దును మూడేళ్ల తర్వాత వాళ్లింటి పెండ్లికి పోకపోవడానికి సాకుగా బయటికి తీస్తే, అదీ మనసులో ఉంచుకోవడం. 1 పేతురు 4:8లోని "ప్రేమ అనేక పాపములను కప్పును" అన్నది నాకు ఈ కడుపులో పెట్టుకోవడం పక్కనే కనిపిస్తుంది.

జమ్మలమడుగు నుంచి:
ఆచరణలో ఎక్కడ చెడుతుందో కూడా పిల్లలకు చెప్పండి. మత్తయి 18:15-17లో వరుస ఉంది: మొదట నీవును అతడును ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మనవాళ్లు ఎక్కువగా మొదటి మెట్టు ఎగ్గొట్టి, మనిషిని గుర్తుపట్టేటట్టు ప్రార్థన మనవిలో పెడతారు. అది పద్దు పుస్తకం తెరిచి నలుగురిలో చదవడమే.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్పాల. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడమనిషికి ఈ వచనం చూపించి నోరు మూయించకూడదు. వెంటనే ఆరో వచనం "దుర్నీతివిషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును" అంటుంది. జరిగింది జరిగినట్టు చెప్పడం సత్యం. కాపాడేవాళ్ల దగ్గరికి పోవడం పగ కాదు.

గుత్తి నుంచి:
మంచి మాట అక్కా. మరి ఆ మత్తయి 18లోనే ఎన్నిసార్లు క్షమించాలన్నదానికి "డెబ్బది ఏళ్ల మారులు" అని ఉంది కదా, పిల్లలు డెబ్బై సంవత్సరాలు అనుకుంటున్నారు.

కడప నుంచి:
ఎక్కం చదివించండి అన్నా. "ఏడేళ్లు నలభై తొమ్మిది" అంటాం చూడండి, ఆ ఏళ్లే ఇవి. ఏడు అంకె, సంవత్సరం కాదు. 70 ఏళ్లు 490. అయితే 490 దాకా గీతలు గీస్తూ పోతే మళ్లీ పద్దు రాసినట్టే. అందుకే యేసు వెంటనే లెక్క చూసుకునే రాజు ఉపమానం చెప్పాడు. అందులో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు "అచ్చియున్న"వాడు. "అచ్చియున్న" అంటే బాకీ ఉన్న అని, అదీ చెప్పండి. ఒక దేనారం ఒకరోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే 6 కోట్ల రోజుల కూలి. అంత మాఫీ అయినవాడు తోటివాని గొంతు పట్టుకున్నది 100 దేనారాలకు, అంటే 100 రోజుల కూలికి. బోర్డు మీద రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.

గుత్తి నుంచి:
ఈ ఆదివారం "ప్రేమ పద్దు రాసుకోదు" అనే చెప్తాను. బోర్డు మీద ఏడో ఎక్కం కూడా రాయిస్తా.