జూన్‌లో అమ్మానాన్నలతో నార్వే: ఫియోర్డుల ప్రయాణానికి సలహా కావాలి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాద్ నుంచి నార్వే వెళ్లాలనుకుంటున్నాము. ఇద్దరికీ అరవై దాటాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. సెలవు వారం పది రోజులకు మించి దొరకదు. ఓస్లోలో దిగి బెర్గెన్, గైరాంగర్ ఫియోర్డు, ప్రైకెస్టూలెన్ కొండ అంచు చూసుకుని, చివర్లో బాగా ఉత్తరాన ఉన్న ట్రోమ్సోలో అర్ధరాత్రి సూర్యుణ్ణి, వీలైతే ధ్రువకాంతులను (నార్తర్న్ లైట్స్) కూడా చూడాలని మా కోరిక. మ్యాపులో ఇవన్నీ దగ్గరగానే కనిపిస్తున్నాయి. కారు అద్దెకు తీసుకోవడం మేలా, రైళ్లూ పడవలూ మేలా? మేమందరం శాకాహారులము కనుక భోజనం సంగతి కూడా తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం:
ధ్రువకాంతులను మీ జాబితాలోంచి ముందే తీసేయండి. అవి కనబడాలంటే ఆకాశం చీకటిగా ఉండాలి. ట్రోమ్సోలో మే మూడో వారం నుంచి జూలై మూడో వారం వరకు సూర్యుడు అస్తమించనే అస్తమించడు.

ఇక దూరాల విషయం. హిమానీనదాలు తొలిచిన లోయల్లోకి సముద్రం చొచ్చుకురావడం వల్ల ఏర్పడినవే ఫియోర్డులు. సోగ్నెఫియోర్డ్ ఒక్కటే 200 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్తుంది, లోతు 1,300 మీటర్ల దాకా ఉంటుంది. అందువల్ల మ్యాపులో వేలెడు దూరంగా కనిపించే చోటికి కూడా రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా ఫెర్రీ కోసం ఆగాలి. బెర్గెన్ నుంచి ప్రైకెస్టూలెన్‌కు దగ్గరి నగరమైన స్టావాంగర్‌కు రెండు ఫెర్రీలతో కలిపి దాదాపు ఐదు గంటలు, గైరాంగర్‌కైతే పగలంతా ప్రయాణమే.

కనుక సోగ్నెఫియోర్డ్ పరిసరాలకే పరిమితం కమ్మని నా సలహా. కారు అవసరం లేదు. ఓస్లో, బెర్గెన్ల మధ్య 1909లో మొదలైన రైలుమార్గం 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ మీదుగా పోతుంది. అక్కడ జూన్‌లోనూ మంచు మిగిలి ఉండవచ్చు. మ్యూర్‌దాల్‌లో దిగి ఫ్లోమ్ ఊరికి వెళ్లే రైలెక్కితే, అది 867 మీటర్ల ఎత్తు నుంచి 20 కిలోమీటర్ల దూరంలో దాదాపు సముద్రమట్టానికి దిగుతుంది. ఫ్లోమ్ నుంచి గుడ్వాంగెన్‌కు పడవలో రెండు గంటలు. దారిలో వచ్చే, సోగ్నెఫియోర్డ్‌కే పాయ అయిన నేరోయ్‌ఫియోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పే ఉంటుంది. 2005లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి బస్సులో వోస్‌కు, మళ్లీ రైలులో బెర్గెన్‌కు. చాలామంది దీన్నంతటినీ ఒకే రోజులో ముగిస్తారు. మీరు మాత్రం దయచేసి అలా చేయకండి, ఫ్లోమ్‌లో రెండు మూడు రాత్రులైనా ఉండండి. పగటి పడవలు వెళ్లిపోయాక పెద్దవాళ్లు నీటి ఒడ్డున తీరిగ్గా కూర్చోగలిగే చోటు అది.

రెండవ సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. ప్రైకెస్టూలెన్‌కు రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు రాతిమెట్ల మీద నడవాలి, చివర అంచున కమ్మీలు కూడా ఉండవు. మోకాళ్ల నొప్పులున్నవారికి అది తగదు. దాని ఎత్తు 604 మీటర్లు. ఫ్లోమ్‌కు దగ్గర్లోని ఔర్లాండ్ పైన స్టేగాస్టైన్ అనే వేదిక 650 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి దాకా బస్సు వెళ్తుంది. అమ్మగారు, నాన్నగారు ఇద్దరూ హాయిగా చూడగలరు.

భోజనానికి వంటగది ఉన్న బస తీసుకోండి. కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లవచ్చు కానీ, ఐరోపా ఆర్థిక ప్రాంతం (ఐరోపా సమాఖ్య దేశాలు, నార్వే మొదలైనవి) బయటి నుంచి పాల పదార్థాలు తేవడం నిషిద్ధం కనుక నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టకండి. అక్కడ వెన్న కొని కాచుకుంటే సరి. సూపర్‌మార్కెట్లు చాలావరకు ఆదివారం మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. నార్వేకు కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మూడవ సమాధానం:
గైరాంగర్‌ను పూర్తిగా వదిలేయమనడం నాకు సమ్మతంగా లేదు. బెర్గెన్ నుంచి ఓలెసుండ్‌కు విమానంలో వెళ్తే, అక్కడి నుంచి గైరాంగర్ రెండున్నర మూడు గంటల దారి. 1904లో కాలిపోయాక కొత్తగా కట్టిన ఓలెసుండ్ ఊరు కూడా చూడదగినదే. అయితే ట్రోమ్సో మానుకుంటేనే ఇది కుదురుతుంది. బెర్గెన్‌లో ఏడాదికి రెండు వందలకు పైగా రోజులు వాన పడుతుంది; అందరికీ మంచి రెయిన్‌కోట్లు ఉండాలి, గాలికి గొడుగులు నిలవవు.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ట్రోమ్సో, ప్రైకెస్టూలెన్ మానుకుంటున్నాము. ఫ్లోమ్‌లో వంటగది ఉన్న బస దొరక్కపోతే ఔర్లాండ్‌లో ఉండటం పెద్దవాళ్లకు ఇబ్బందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఇబ్బంది లేదండీ. రెండూ ఒకే ఫియోర్డు ఒడ్డున ఉన్నాయి, బస్సులో పావుగంటే. ఔర్లాండ్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది కూడా. పడవ వేళలకు బస్సు వేళలు కలుస్తాయో లేదో చూసుకుని గది ఖాయం చేసుకోండి.