ఎక్స్‌రే తీవ్రత పెంచితే సీజెడ్‌టీ డిటెక్టర్‌లో కౌంట్లు పడిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న కాడ్మియం జింక్ టెల్యురైడ్ (సీజెడ్‌టీ) పిక్సెల్ డిటెక్టర్‌తో పనిచేస్తున్నాను. ట్యూబ్ కరెంట్ తక్కువగా ఉన్నంతసేపూ స్పెక్ట్రమ్ చక్కగా వస్తోంది. పెంచితే మాత్రం కొన్ని సెకన్లకే మధ్య పిక్సెళ్లలో కౌంట్లు పడిపోతున్నాయి, స్పెక్ట్రమ్‌లోని పీకులు (శిఖరాలు) తక్కువ శక్తి వైపు జరుగుతున్నాయి. మొదట పైల్-అప్ (వెంటవెంటనే వచ్చే పల్సులు ఒకదానిపై ఒకటి పడి కలిసిపోవడం) అనుకున్నాను. కానీ అదైతే బీమ్ వేసిన వెంటనే కనిపించాలి, ఇది నెమ్మదిగా ముదురుతోంది. హోల్స్ (ఎలక్ట్రాన్ ఖాళీల రూపంలో కదిలే ధనావేశాలు) క్రిస్టల్ లోపాల్లో, అంటే ట్రాప్‌లలో, చిక్కుకుని, ధనావేశం పేరుకుని, లోపలి విద్యుత్ క్షేత్రం కుంగిపోతోందని, అంటే పోలరైజేషన్ అని నా అనుమానం.

బయాస్ (డిటెక్టర్‌కు ఇచ్చే వోల్టేజీ) 600 నుంచి 900 వోల్టులకు పెంచితే కొంత మెరుగైంది. ఇంకా పెంచాలంటే లీకేజీ కరెంట్ (ఎక్స్‌రే లేకున్నా పారే కరెంట్) భయం. క్రిస్టల్‌ను కాస్త వేడి చేస్తే హోల్స్ త్వరగా విడుదలవుతాయి కదా, 40 డిగ్రీల దాకా వెళ్లినవారున్నారా? ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వెలుగు వేసి చూసినవారు ఏ తరంగదైర్ఘ్యం వాడారు? నా థీసిస్‌కు ఈ కొలతలే ఆధారం, చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.