కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీయా, కాకతీయలో కంప్యూటర్ సైన్సా?

హన్మకొండ నాన్న:
ఎప్‌సెట్ ర్యాంకు చూస్తే మా అమ్మాయికి రెండు చోట్లా సీటు వచ్చేలా ఉంది. కామారెడ్డిది చిన్న కాలేజీ, పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. కాకతీయ విశ్వవిద్యాలయం అయితే ఇంటి పక్కనే, 1976 నుంచీ ఉన్న పేరు. ఇంట్లో రెండు వర్గాలయ్యాం. ఏం చేయమంటారు?

పాలకేంద్రం ఉద్యోగి:
అన్నా, కామారెడ్డికే పంపండి. నేను మెకానికల్ చదివింది పెద్ద కాలేజీలో. అరవై మందిమి ఒకే లేత్ యంత్రం చుట్టూ నిలబడేవాళ్లం. నాలుగేళ్లలో దాన్ని నేను నడిపింది రెండే సార్లు. తర్వాత డెయిరీలో చేరాను. మొదటి నెలలోనే ఒకరోజు పాశ్చరైజర్ (పాలను వేడిచేసి క్రిములను చంపే యంత్రం) వాల్వ్ పాలను ముందుకు పోనీయకుండా వెనక్కి మళ్లిస్తోంది. చెడిపోయిందనుకుని విప్పబోయాను. కామారెడ్డిలో చదివిన అమ్మాయి నా చేయి పట్టుకుని ఆపి, ఉష్ణోగ్రత చూపించింది. 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉండాల్సిన పాలు 70 కూడా దాటలేదు. వాల్వ్ తన పని తాను చేస్తోంది, తగ్గింది బాయిలర్ ఆవిరి! నాకంటే మూడేళ్లు చిన్న ఆమె. ఆ చదువు మీద గౌరవం నాకు ఆరోజే కలిగింది.

వరంగల్ విద్యార్థిని:
సార్ అనుభవం నిజమే. కానీ పదిహేడేళ్ల పిల్లను ఒకే పరిశ్రమకు కట్టేయడం నాకు నచ్చదు. నేను ఇంజినీరింగ్ చదువుతూనే పక్క భవనంలో స్టాటిస్టిక్స్ పాఠాలు విన్నాను. ఇప్పుడు నా ప్రాజెక్టు అంతా దాని మీదే. చిన్న కాలేజీలో ఆ పక్క భవనం ఎక్కడిది?

పాలకేంద్రం ఉద్యోగి:
అది మంచి మాటే, అమ్మా. ఆ లోటు ఉంటుంది. అయితే ఒకే పరిశ్రమ అనడం సరికాదు. బాయిలర్లు, శీతలీకరణ, సూక్ష్మజీవులు, ప్యాకింగ్ అన్నీ నేర్పుతారు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఫుడ్ టెక్నాలజీ రాయవచ్చు, హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో పైచదువుకు వెళ్లవచ్చు. కానీ అన్నా, అమ్మాయికి ప్రోగ్రామింగే ప్రాణమైతే నా మాట పక్కన పెట్టేయండి. ఆమె ఎప్పుడైనా డెయిరీ లోపల అడుగుపెట్టిందా? ముల్కనూరు మహిళా డెయిరీ మీకు దగ్గరే. అనుమతి అడిగి ఒక పూట చూపించండి. ఆ తడి నేల, ఆవిరి, యంత్రాల హోరు మధ్య ఆమె ప్రశ్నలు అడుగుతుందో, గడియారం చూస్తుందో గమనించండి.

హన్మకొండ నాన్న:
ఇప్పుడే అడిగాను. ఎప్పుడూ చూడలేదట. ముందు అక్కడికి తీసుకెళ్తాను. ఆప్షన్లు ఆ తర్వాతే పెడతాం.