ఏడాదిన్నర పాపకి మ్యూజిక్ క్లాస్ అవసరమా? బెజవాడ తల్లిదండ్రులూ, మీ అనుభవం చెప్పండి

పటమట అమ్మ
వచ్చే వారానికి మా పాపకి ఏడాదిన్నర నిండుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మ్యూజిక్ క్లాస్ చూసి వచ్చాను. వారానికోసారి 45 నిమిషాలు, నెలకి 2,500. వాళ్లిచ్చిన కాగితంలో మొదటి మాటే ‘మోజార్ట్ సంగీతం వింటే పిల్లల తెలివి పెరుగుతుంది’ అని ఉంది. మోజార్ట్ అంటే పాతకాలపు యూరప్ సంగీతకర్తట. మా ఆయన చేర్పిద్దామంటున్నారు. మామగారేమో ‘ఐదేళ్లు రానివ్వండి, సరిగమల తొలి పాఠాలైన సరళీ వరసలతో మొదలుపెడదాం, ఇప్పుడు డబ్బు దండగ’ అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. చేర్పించినవాళ్లూ, మానిపించినవాళ్లూ చెప్పండి.

సత్యనారాయణపురం తాతయ్య
మీ మామగారి మాటే నాదీను, అమ్మా. మన సంగీతంలో పాఠమంటే మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు. ఆదితాళం ఎనిమిది లెక్కలూ చేత్తో వేస్తూ మూడు వేగాల్లో పాడాలి. ఏడాదిన్నర పసిదానికి అదెలా వస్తుంది? మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్ల వయసులో ఈ ఊళ్లోనే కచేరీ చేశారు. దాని వెనక ఇంట్లో తండ్రిగారి సంగీతం ఉంది, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యరికం ఉంది. పాప రోజూ ఇంట్లో మంచి పాట వినేలా చూడండి, చాలు.

భవానీపురం నాన్న
తాతగారూ, మీ ఇంట్లో పాడేవాళ్లున్నారు. మా ఇంట్లో లేరు. ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, మా అమ్మ ఊళ్లో ఉంటుంది. మావాడికి పాట అంటే ఫోనే అయిపోయింది. ఆ బాధతోనే క్లాసులో వేశాను.

మొదటి చోట రెండు నెలలకే మానిపించాం. ఏసీ గది, మూలన పెద్ద స్పీకర్, పన్నెండు మంది పిల్లలు. పాట పెట్టగానే వాడు చెవులు మూసుకుని నా మోకాళ్ల మధ్య దూరేవాడు. మూడో వారం నుంచి పెద్దవాళ్లు బయటే కూర్చోవాలన్నారు. లోపల వాడి ఏడుపు నాకు వినపడుతూనే ఉండేది.

ఇప్పుడు వెళ్లేచోట స్పీకరే లేదు. చాప మీద ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరూ అమ్మ ఒళ్లోనో నాన్న ఒళ్లోనో. టీచరు గారు కంజిర (చిన్న డప్పులాంటిది) వాయిస్తూ పాడతారు. మధ్యలో పాట ఆపి చెయ్యి పైకెత్తి అలాగే ఉంచుతారు. పిల్లలందరి చూపూ ఆ చేతి మీదే. చెయ్యి దిగి దరువు పడగానే మావాడు ఒళ్లంతా ఊపేస్తాడు. నాలుగో వారం ఇంట్లో ఇడ్లీ ప్లేటు మీద దబదబా కొట్టి, ఠక్కున ఆపి, చెయ్యి పైకెత్తి నా మొహంలోకి చూశాడు. నేను పాడాలన్నమాట! పాడటం చేతకాని నేను ఆ రోజు నుంచి రోజూ పాడుతున్నాను.

గుంటూరు సంగీతం టీచరు
పటమట అమ్మగారూ, ముందు ఆ కాగితం సంగతి చూద్దాం. ఆ మాటకి మూలం 1993లో అమెరికాలో చేసిన ఒక చిన్న పరిశోధన. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు, ఒక్క పసిబిడ్డ కూడా లేదు. మోజార్ట్ విన్నాక ఆకారాలకి సంబంధించిన ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు, ఆ మెరుగు కూడా ఓ పావుగంటకి మించి నిలవలేదు. అది చూపించి పిల్లల తెలివి పెరుగుతుందని ఫీజు అడగడం తప్పు.

మీ పాపకి పనికొచ్చేది ఇంకొకటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన 2012లో వచ్చింది. ఆరు నెలల వయసు నుంచి కొందరు పిల్లలు అమ్మానాన్నలతో కలిసి పాడుతూ వాయిస్తూ ఉండే క్లాసుకి వెళ్లారు. మిగతావాళ్లు బొమ్మలతో ఆడుకుంటుంటే వెనక రికార్డు పాటలు మోగేవి. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి జట్టు పిల్లలు ఎక్కువ నవ్వుతున్నారు, వేలు చూపించడం, టాటా చెప్పడం లాంటివి ఎక్కువ చేస్తున్నారు. రెండు జట్లకీ పాట ఉంది, కానీ మొదటి జట్టులో పాడేది పక్కనున్న మనిషి. భవానీపురం నాన్నగారి ఇడ్లీ ప్లేటు కథ చదివి నా కళ్లు చెమర్చింది అందుకే.

కాబట్టి మీరు పక్కన కూర్చోనివ్వని క్లాసు ఎంత పేరున్నదైనా వద్దు. గదిలో మీరు గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే ఆ చప్పుడు పాప చెవులకి మంచిది కాదు. చేతికిచ్చే గిలక్కాయలు, గజ్జెలు లాగి చూడండి. మువ్వ ఊడితే నోట్లోకే వెళ్తుంది.

తాతగారూ, దీన్ని పాఠమని నేనూ అనను. సరళీ వరసలకి ఐదారేళ్లు రావాల్సిందే. హంగరీ సంగీతకర్త జోల్తాన్ కొడాయ్ కూడా పసిపిల్లలకి మొదట మాతృభాషలోని జానపదాలే పాడాలన్నారు. మన జోలపాటలూ, తారంగాలూ అవే కదా.

సత్యనారాయణపురం తాతయ్య
మరి తారంగం ఆడించడానికి నెలకి 2,500 ఎందుకమ్మా అన్నదే నా ప్రశ్న. భవానీపురం అబ్బాయి ఇల్లు వేరు, అతనికి అది అవసరమే, ఒప్పుకుంటాను. తాత, నాయనమ్మ ఉన్న ఇంటికి అక్కర్లేదనే ఇప్పటికీ అంటాను.

పటమట అమ్మ
అందరికీ చాలా థాంక్స్ అండి. ఆ క్లాసుకి ఇప్పుడే ఫోన్ చేశాను. మొదటి రెండు వారాలే లోపలికి రానిస్తారట, తర్వాత బయటేనట. వద్దని చెప్పేశాను. భవానీపురం నాన్నగారూ, మీ బాబు వెళ్లేచోట ఆదివారం ఉదయం బ్యాచ్ ఉందా? సాయంత్రాలైతే బెంజ్ సర్కిల్ దాటుకుని మీవైపు వచ్చేసరికి పాప నిద్రపోతుంది.