పత్తి విత్తన కంపెనీలో సీజన్ ఫీల్డ్ అసిస్టెంటు ఉద్యోగం: గద్వాల వైపు పని ఎలా ఉంటుంది?

ప్రశ్న (కొత్త డిప్లొమా):
ఈ ఏడాదే వ్యవసాయ డిప్లొమా పూర్తి చేశాను. జోగులాంబ గద్వాల జిల్లాలో హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి చేలను చూసుకోవడానికి ఒక పెద్ద కంపెనీ ఆరు నెలలకు తీసుకుంటామంటోంది. జీతం మాత్రం వేరే ఏజెన్సీ ఇస్తుందట. క్రాసింగ్ (ఒక రకం పువ్వు పుప్పొడిని మరో రకం పువ్వుకు చేత్తో అద్దడం) గురించి పుస్తకంలో చదివానే తప్ప చేలో చూడలేదు. పని ఎలా ఉంటుందో, చేరే ముందు ఏమేమి అడగాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (మూడు సీజన్లు):
క్రాసింగ్ చేసేది కూలీలు, సరిగా చేశారో లేదో చూడవలసింది మీరు. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, బొటనవేలి గోటితో రేకులనూ పుప్పొడి తిత్తులనూ ఒలిచేస్తారు. మధ్యనున్న కీలానికి (పుప్పొడిని అందుకునే కాడకు) మాత్రం గోరు తగలకూడదు. ఉదయం ఒక్కొక్క మగ పువ్వుతో (పుప్పొడి ఇచ్చే రకం పువ్వుతో) నాలుగైదు ఆడ పువ్వులకు (తిత్తులు ఒలిచినవాటికి) పుప్పొడి అద్దుతారు. అసలు చిక్కు సాయంత్రం కంటపడక మిగిలిపోయిన మొగ్గతోనే వస్తుంది, ఎందుకంటే అది తెల్లవారి లేత పసుపు రంగులో విచ్చుకుని, తన పుప్పొడితోనే కాయ కట్టి, మొత్తం విత్తనంలో కలిసిపోతుంది. ఆడ వరుసలో గులాబీ రంగుకు తిరిగిన పువ్వు కనబడిందంటే అది నిన్న వదిలేసినదే, వెంటనే తుంచి వేయించండి. ఇవన్నీ సాలులోకి దిగి ఆకులు పక్కకు జరిపితేనే కనబడతాయి. గట్టు మీద నిలబడి రిజిస్టరు నింపేవారిని నేను చాలామందిని చూశాను.

జవాబు (విత్తన రైతు):
మాకు కంపెనీ నేరుగా కనబడదు, ఆర్గనైజరూ (కంపెనీకీ మాకూ మధ్య ఉండే మనిషి) మీలాంటివారే కనబడతారు. సర్టిఫైడ్ హైబ్రిడ్ పత్తి విత్తనానికి కనీసం 90 శాతం జన్యు స్వచ్ఛత (అసలైన హైబ్రిడ్ గింజల పాళ్లు) ఉండాలి. పరీక్షలో తప్పితే మా లాటు మొత్తం తిరస్కరిస్తారు. అందువల్ల తప్పు కనబడిన రోజే మాకు చెప్పండి బాబూ, నెలాఖరు నివేదిక దాకా దాచవద్దు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం చట్టవిరుద్ధం కనుక, అలాంటివారు కనబడితే మొహమాటపడకండి.

జవాబు (మాజీ కాంట్రాక్టు):
నియామక పత్రం ఎవరి పేరున వస్తుందో, పి.ఎఫ్. జమకు యూఏఎన్ నంబరు (ఉద్యోగి పి.ఎఫ్. ఖాతా నంబరు) ఇస్తారో లేదో, బండి పెట్రోలు జీతంలో కలిసి ఉందో విడిగా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఊరూరా తిరిగే ఈ పనిలో పెట్రోలే జీతాన్ని తినేస్తుంది. నాకు చివరి నెల జీతం సీజను ముగిశాక ఎంతో కాలానికి గాని రాలేదు. కంపెనీని అడిగితే ఏజెన్సీని అడగమన్నారు, ఏజెన్సీ కంపెనీ బిల్లు రాలేదంది.

(కొత్త డిప్లొమా):
అందరికీ ధన్యవాదాలు. పెట్రోలు సంగతి నాకు తట్టనే లేదు. సోమవారం పత్రం ఇస్తామన్నారు, అది చూశాకే సంతకం చేస్తాను.