యూనివర్సిటీ ఆఫ్ డాలస్‌లో చదువు ఎలా ఉంటుంది?

ప్రశ్న: అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో మా ఇంటికి దగ్గరలోనే ఉన్న ఈ చిన్న కేథలిక్ విశ్వవిద్యాలయంలో చేరతానని మా అమ్మాయి అంటోంది. దాని చరిత్ర, చదువుల తీరు తెలిసినవారు దయచేసి వివరించగలరా? మేము హిందువులం.

మొదటి జవాబు: 1956లో తరగతులు మొదలయ్యాయండి. కమ్యూనిస్టు పాలనలో మఠాలు మూతపడగా హంగేరీ విడిచి వచ్చిన సిస్టర్షియన్ అనే కేథలిక్ సంఘపు సన్యాసులు తొలి అధ్యాపకులలో ఉండటం వల్లనే పాత యూరప్ చదువుల నిష్ఠ దానికి అబ్బిందని నా అభిప్రాయం. వారి మఠం ఇప్పటికీ ప్రాంగణం పక్కనే ఉంది.

రెండవ జవాబు: ఏ ప్రధాన విషయం ఎంచుకున్నా యూరప్ మహాకవులు హోమర్, వర్జిల్, డాంటేలతో పాటు తత్వశాస్త్రం, క్రైస్తవ దైవశాస్త్రం కూడా డిగ్రీ విద్యార్థులందరూ చదవవలసిందే. చాలామంది రెండవ సంవత్సరంలో ఒక సెమిస్టర్‌ను రోమ్ సమీపంలోని విశ్వవిద్యాలయపు సొంత ప్రాంగణంలో గడుపుతారు. 1970లో మొదలైన ఈ రోమ్ సెమిస్టర్ ఏర్పాటే అక్కడి చదువులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మూడవ జవాబు: చేరడానికి కేథలిక్ కానవసరం లేదండి. అయితే దైవశాస్త్రం తప్పనిసరి కనుక, ఆ సంగతి మీ అమ్మాయితో ముందే మాట్లాడండి.