సోది అనే మాటకు ఈ అర్థం ఎలా వచ్చింది?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మొన్న ఫోన్లో ఫ్రెండ్‌తో "సోది ఆపరా, పాయింట్‌కి రా" అన్నాను. పక్కనే ఉన్న నాయనమ్మ "సోదంటే అంత చులకనా నీకు?" అని ముఖం తిప్పుకుంది. సోది అంటే పనికిరాని కబుర్లే కదా? సుత్తి, సొల్లు లాంటిదే కదా?

జవాబు 1:
సుత్తి వేరండీ. ఆ మాట 1982లో జంధ్యాల సినిమా 'నాలుగు స్తంభాలాట'తో ఊరూరా పాకింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అదే ఇంటిపేరైపోయింది. సొల్లు అంటే నోట్లోంచి కారే చొంగ. సోది సంగతి పెద్దవాళ్లెవరైనా చెప్పాలి.

జవాబు 2:
మీ నాయనమ్మగారు నొచ్చుకోవడంలో తప్పులేదు బాబూ. సోది అంటే ఎరుకలసాని చెప్పే జోస్యం. నా చిన్నప్పుడు ఒకావిడ వచ్చేది. వీధి మలుపులోనే "సోది చెప్తానమ్మా సోది" అని కేక వినపడేది. చంకలో బుట్ట, చేతిలో పొట్టి కర్ర. అమ్మమ్మ చేటలో బియ్యం పోసి ముందు పెట్టుకుని కూర్చునేది. ఆవిడ కర్రతో అమ్మమ్మ అరచేతిని తాకుతూ కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, బెజవాడ కనకదుర్గను పిలిచాక గానీ అసలు మాట ఎత్తేది కాదు. ఒకటే రాగం, ఆపకుండా. ఒకసారి "పైకి చెప్పుకోలేని దిగులుందమ్మా ఈ ఇంట్లో" అంది. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇల్లు వదిలిపోయిన మామయ్య పేరు అప్పట్లో మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఇప్పటి అర్థం ఆ సాగదీతలోంచే వచ్చిందని నేననుకుంటాను. పని మీద ఉన్నవాడికి ఆ రాగం విసుగే మరి. కానీ "సోదికి పోతే పాత రంకులు బయటపడ్డట్టు" అని సామెత ఉంది చూడండి. ఉత్త మాటలకైతే జనం అంత జంకుతారా? తిరుమల కథలో సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషంలో నారాయణవనం వెళ్లి, పద్మావతి తల్లి ధరణీదేవికి సోది చెప్పాడు.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇప్పుడే నాయనమ్మ దగ్గర కూర్చుని అడిగాను. పెళ్లికి ముందు వాళ్లమ్మ సోది చెప్పించిందట. "ఏటికి అవతలి సంబంధం" అని వచ్చిందట. తాతయ్యది కృష్ణకు అవతలి ఊరే. ఆ రోజు చేటలో పోసిన బియ్యం రెండు సోలలని కూడా చెప్పింది.